పిల్లల వేషాలు – పెద్దల పాత్ర
(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి, పింఛను ఎవరి దయా కాదు మన హక్కు అన్న విషయం గురించి నాకు ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. డి.ఎ. లెక్కలు కోశాధికారిగారు చెప్పారు. కార్యదర్శిగారు నన్ను పిలిచి, “మీరు లెక్కల జోలికి పోవద్దు, ఇంటి సంగతి ఏదైనా చెప్పండి, ఆడవాళ్లు కూడా వింటారు” అన్నారు. అందుచేత నేను ఎన్నుకున్న విషయం పిల్లలు వేసే వేషాలు. టవలు తలకు చుట్టుకుని “నేను పోలీసుని” అంటారే, ఆ ఆట.

నేను 1973లో తాలూకా ఆఫీసులో ఎల్.డి.సి.గా చేరి, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు బీరువాలతోపాటు ఊరు మారి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయినవాడిని. మనస్తత్వ శాస్త్రం చదివినవాడిని కాను. కాని ఏడేళ్ల మనుమరాలు, నాలుగేళ్ల మనుమడు ఉన్న ఇంట్లో పొద్దస్తమానం కూర్చునేవాడిని నేనే. లైబ్రరీలో దొరికిన నాలుగు పుస్తకాలు, మా అబ్బాయి కంప్యూటరులోంచి తీసి ఇచ్చిన కొన్ని వ్యాసాలు చదివాను. ఆ చదివినదీ, ఇంట్లో చూసినదీ కలిపి మనవి చేస్తాను.

మన భాషలో “ఏమిటా వేషాలు?” అంటే తిట్టు. అబద్ధమాడినా వేషమే, మారాం చేసినా వేషమే. అందుకేనేమో పిల్లవాడు అద్దం ముందు నిలబడి తాత కళ్లజోడు పెట్టుకుని దగ్గుతూ ఉంటే, “చాల్లే సంబడం, పుస్తకం తియ్యి” అంటాం. కాని మన పెద్దలు ఈ ఆటకు ఎన్ని పేర్లు పెట్టారో చూడండి. గుజ్జనగూళ్లు, బొమ్మరిల్లు, బొమ్మల పెళ్లిళ్లు. లక్కపిడతల్లో ఇసుకే అన్నం, చింతాకే కూర. మా చిన్నతనంలో కృష్ణా డెల్టాలోని మా ఊరికి పగటి వేషగాళ్లు వచ్చేవారు. అర్ధనారీశ్వరుడి వేషం కట్టినవాడు పరదా అటూ ఇటూ జరుపుతూ ఒకసారి ఆడగొంతుతో, ఒకసారి మగగొంతుతో మాట్లాడుతుంటే నోరు తెరుచుకుని చూసేవాళ్లం. వాళ్లు ఊరు దాటకముందే మా వీధి పిల్లలందరం పాత పంచెల్లో అవే వేషాలు వేసేవాళ్లం. ఎవరూ నేర్పలేదు, ఎవరూ మార్కులు వేయలేదు.

ఈ ఆట ఏ వయసులో ఎలా ఉంటుందో ఇంట్లో పసివాళ్లున్నవారు గమనించే ఉంటారు. ఏడాదిన్నరప్పుడు ఖాళీ గ్లాసు నోటికి పెట్టుకుని తాగినట్టు చప్పరిస్తారు. రెండేళ్లు వచ్చేసరికి బొమ్మకు తాగిస్తారు. మూడో ఏట సబ్బుపెట్టె ఫోను అవుతుంది. నాలుగైదేళ్లకు ఒక్కరితో సరిపోదు, మనిషికొక పాత్ర కావాలి, కథ కావాలి, రూల్సు కావాలి. నెల అటూ ఇటూ అయితే కంగారు పడవలసిన పనిలేదు. అయితే రెండున్నర, మూడేళ్లు వచ్చినా బిడ్డ ఇలాంటి ఆట ఏదీ ఆడకుండా, పిలిస్తే పలకకుండా, మన ముఖంలోకి చూడకుండా ఉంటే మాత్రం “మగపిల్లలకు మాటలు ఆలస్యం” అని సరిపెట్టుకోకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి. ఇది ముందే చెప్పి పక్కన పెడుతున్నాను.

ఇక దీనివల్ల ఏం లాభం అని అడుగుతారు. లెవ్ వైగోత్‌స్కీ అని రష్యాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. 1933లో ఆయన పిల్లల ఆట మీద ఒక ఉపన్యాసం ఇచ్చాడు. మరుసటి ఏడే క్షయతో, 37 ఏళ్లకే పోయాడు. ఆ ఉపన్యాసం రష్యన్ పత్రికలో అచ్చయింది 1966లో. ఫైలు కదలడానికి 33 ఏళ్లు పట్టిందన్నమాట, మన ఆఫీసులే నయం! ఆయన చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇది. పిల్లవాడు కర్రను గుర్రం అన్నప్పుడు, కంటికి కనబడుతున్నది ఒకటి, మనసు పెట్టుకున్న అర్థం ఇంకొకటి. వస్తువునుంచి అర్థాన్ని విడదీసి చూడటం వాడు అక్కడే మొదలుపెడుతున్నాడు. పలకమీద ‘గ’ అని గీస్తే అది వంకర గీతే కదా. ఆ గీతలో ‘గ’ అనే శబ్దాన్ని చూడాలంటే ఈ శక్తే కావాలి. కర్రలో గుర్రాన్ని చూసినవాడికి గీతలో అక్షరాన్ని చూడటం అంత కష్టం కాదు. అ ఆలు దిద్దించే తొందరలో మనం ఆపించేస్తున్న ఆటే అ ఆలకు పునాది అన్నమాట.

ఆయన చెప్పిన రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఆటలో పిల్లవాడు స్వేచ్ఛగా ఉన్నాడని మనం అనుకుంటాం గానీ, నిజానికి వాడు చాలా కట్టుబాటులో ఉంటాడు. మా మనుమడు మామూలుగా మరమరాల గిన్నె ముందు పెడితే రెండు నిమిషాల్లో ఖాళీ చేస్తాడు. అదే హోటలు ఆటలో అవి ఇడ్లీలు, వాడు సర్వరు. నాకు పెట్టాలి, వాళ్లక్కకు పెట్టాలి, బిల్లు తీసుకోవాలి. అంతవరకు ఒక్క గింజ నోట్లో వేసుకోడు. మనం వంద కేకలు వేసినా రాని నిగ్రహం సర్వరు టవలు భుజాన వేసుకోగానే వచ్చింది.

వైగోత్‌స్కీ తరవాత ఆయన బాటలో పనిచేసిన మనుయిలెంకో అనే ఆవిడ 1948లో ఒక పరిశోధన ప్రకటించింది. మూడు నుంచి ఏడేళ్ల పిల్లల్ని “కదలకుండా నిలబడు” అంటే కాసేపే నిలబడ్డారు. అదే ఆటలో “నువ్వు కాపలా సిపాయివి” అంటే అంతకంటే బాగా ఎక్కువసేపు నిలబడ్డారు. మన సబ్ ట్రెజరీ ముందు తుపాకి పట్టుకుని నిలబడే గార్డు జ్ఞాపకం ఉన్నాడు కదా, అదే పాత్ర. 2017లో అమెరికాలో నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లలు 180 మందితో ఇంకొకటి చేశారు. పది నిమిషాలపాటు విసుగు పుట్టించే ఒక పని ఇచ్చారు, పక్కనే ఆడుకోవడానికి కంప్యూటరు పలక పెట్టారు. కొందరికి బాట్‌మన్‌లాంటి వీరుల వేషం వేసి, “బాట్‌మన్ కష్టపడి పనిచేస్తున్నాడా?” అని తనను తాను అడుగుతూ ఉండమన్నారు. మిగతావాళ్లకంటే ఆ వేషం వేసినవాళ్లే పనిమీద ఎక్కువసేపు నిలిచారు. అలాగని అందరూ ఆటపలకకు దూరంగా ఉన్నారనుకోకండి. మొత్తంమీద పిల్లలు పనికంటే దానిమీదే ఎక్కువ కాలం గడిపారు. మనమూ టీవీ సీరియల్ వస్తుంటే జమాఖర్చు రాయం కదా!

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నేను ఏకపక్షంగా నోట్ పెట్టినవాడినవుతాను. వేషాల ఆట ఆడితే తెలివితేటలు ఇంతలంతలవుతాయని బొమ్మల కంపెనీవాళ్లు డబ్బాలమీద అచ్చు వేస్తారు. 2013లో అమెరికా పండితులు కొందరు అప్పటివరకు జరిగిన పరిశోధనలన్నీ తిరగేసి, అంత గట్టిగా చెప్పడానికి సాక్ష్యం చాలదని రాశారు. మాటలు రావడం, కథ చెప్పడం, కోపతాపాలు అదుపులో పెట్టుకోవడం, ఇలాంటివాటిలో మేలు ఉండవచ్చుగానీ, దీనివల్లనే తెలివి పెరుగుతుందని రుజువు కాలేదన్నారు. నాకు ఈ మాట నచ్చింది. నేను కూడా ఈ ఆట ఆడితే మీ మనుమడు కలెక్టరవుతాడని చెప్పడం లేదు.

మాటల సంగతి మాత్రం నేను చెవులారా విన్నాను, కాబట్టి కొంచెం విస్తరించి చెబుతాను. మా మనుమరాలు మామూలుగా నన్ను “నువ్వు” అంటుంది. “తాతయ్యా, నువ్వు జరుగు” అంటుంది. పోయిన ఏడాది లైఫ్ సర్టిఫికెట్ వేలిముద్ర వేయడానికి వెళ్తూ తనని వెంట తీసుకెళ్లాను. మర్నాడు మా ముందుగదిలో ఆఫీసు వెలిసింది. స్టూలు బల్ల, సబ్బుపెట్టె వేలిముద్రల మిషను, నా పాత కళ్లజోడు ముక్కుమీద. నేను పెన్షనర్ని. “రండి, కూర్చోండి. మీ ఆధార్ తెచ్చారాండీ?” అంది. ‘మీరు’, ‘అండి’ ఒక్కటి కూడా తప్పలేదు. తమ్ముడు అటెండరు. వాడితో “ఏమోయ్, ఫైలు పట్రా” అంటోంది. అటు తిరిగి బొమ్మతో “ఒసేయ్, అల్లరి చెయ్యకే” అంటోంది. ఐదు నిమిషాల్లో మూడు రకాల మర్యాదలు! ఎవరిని మీరు అనాలి, ఎవరిని నువ్వు అనాలి, ఎవరితో ఎంత చనువు అన్నది మన తెలుగులో ఎంత పెద్ద విద్య! ఇంగ్లీషు మీడియం బడిలో ఏ టీచరూ దీన్ని నేర్పదు. వేషం వేసుకున్నప్పుడే పిల్లలు దాన్ని సాధన చేస్తారు. చివరకు నా వేలు సబ్బుపెట్టెమీద నొక్కి, “మీ వేలు పడటం లేదండీ. కొబ్బరినూనె రాసుకుని రేపు రండి” అని పంపేసింది. (నవ్వులు) మీరు నవ్వుతున్నారుగానీ, కౌంటరుకు అటువైపు 35 ఏళ్లు కూర్చుని నేనెంతమందిని రేపు రమ్మన్నానో ఆ పిల్ల ముందు నిలబడ్డప్పుడు లెక్క వేసుకున్నాను.

రెండో మనిషి స్థానంలో నిలబడి చూడటం అంటే అదే. డాక్టరు వేషం వేసిన పిల్ల, రోగికి నొప్పి ఎలా ఉంటుందో ఒక్క క్షణమైనా ఊహించాలి, లేకపోతే ఆట సాగదు. ఇక “నేను డాక్టరు, కాదు నేను డాక్టరు” అని పోట్లాట వస్తుంది చూడండి, మనం వెంటనే తీర్పు చెప్పడానికి బయల్దేరతాం. కాస్త ఆగితే వాళ్లే “ముందు నువ్వు, తరవాత నేను” అని రాజీకి వస్తారు. కొన్నిసార్లు ఆటకంటే ఆ బేరమే ఎక్కువసేపు పడుతుంది. పడనివ్వండి.

ఇప్పుడు చెప్పబోయేది నవ్వే విషయం కాదు. మూడేళ్ల క్రితం మా ఇంటావిడ కాలం చేసింది. పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉంది. మనుమరాలికి అప్పుడు నాలుగేళ్లు. చిన్నపిల్లకి ఎందుకని ఎవరూ ఏమీ చెప్పలేదు, ఆ పిల్లా ఒక్క ప్రశ్న అడగలేదు. పెద్దకర్మ అయిన వారానికి నాయనమ్మ నేతచీర ముక్క కప్పి బొమ్మను మంచంమీద పడుకోబెట్టింది. తనే డాక్టరు. నన్ను కాంపౌండరును చేసి, సెలైను సీసా అని నా గొడుగు పట్టుకుని నిలబడమంది. మా కోడలు చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. వచ్చిన బంధువులొకరు, ఇంట్లో ఇలాంటి ఆటలు అశుభం, మాన్పించండి అన్నారు. మా అబ్బాయి కూడా చీరముక్క తీసి దాచేద్దాం అన్నాడు. వద్దు, నేను చూసుకుంటాను అని చెప్పి గొడుగు పట్టుకుని నిలబడ్డాను.

రోజూ అదే ఆట. నాలుగో రోజో ఐదో రోజో సూది వేస్తూ వేస్తూ ఆగి, “కాంపౌండరుగారూ, ఈవిడ ఇంటికి వెళ్తారా?” అని అడిగింది. నా మనుమరాలిగా అడగని ప్రశ్న డాక్టరుగా అడిగింది. ఏం చెప్పను? ఆటే కదా, వెళ్తారని చెప్పవచ్చు. కాని ఆ ముఖం చూస్తే అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. “వెళ్లరు డాక్టరుగారూ. ఈవిడ చనిపోయారు. ఇక లేవరు” అన్నాను. కాసేపు చీరముక్క సర్దింది. “అయితే వాళ్ల మనుమరాలికి చెప్పండి, ఎదురు చూస్తూ ఉంటుంది” అంది. ఆ పిల్ల అంతవరకు గుమ్మం దగ్గర ఎందుకు కూర్చుంటోందో మాకప్పుడు తెలిసింది. ఆ రాత్రి వాళ్లమ్మ ఒళ్లో పడుకుని ఏడ్చింది, అడగవలసినవన్నీ అడిగింది. మరో రెండు మూడు వారాలు ఆసుపత్రి ఆట నడిచింది. తరవాత అదే మంచం బస్సు అయింది, గొడుగు డ్రైవరుకి వెళ్లింది. చీరముక్క మాత్రం ఇప్పటికీ వేషాల పెట్టెలోనే ఉంది, ఎవరో ఒకరు దాన్ని కట్టుకుంటూనే ఉంటారు.

పిల్లలు పెద్ద విషయాలు మన ఎదుట కూర్చుని చెప్పలేరు, వేషం చాటున చెబుతారు. అందుకే ఈ ఆటను గురించి సభలో మాట్లాడాలనిపించింది. పూర్వం వీధినిండా పిల్లలుండేవారు, పదేళ్లది మూడేళ్లదానికి అమ్మవేషం వేసి ఆటలోకి తీసుకునేది. ఇప్పుడు మూడో అంతస్తు ఫ్లాటులో ఒక్క బిడ్డ, చేతిలో సెల్‌ఫోను. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. ఆటలో రెండో మనిషి కావాలంటే ఎవరున్నారు? మనమే ఉన్నాం.

అయితే మనతో ఒక చిక్కుంది. మనం ఆటలోకి వెళ్లగానే డైరెక్టరు అయిపోతాం. “డాక్టరు అలా పట్టుకోడు”, “ఇడ్లీ ధర అంత ఉండదు”, “ఏదీ, పది ఇడ్లీలకు ఎంతయింది, లెక్క చెప్పు” అని మొదలుపెడతాం. లెక్క అడగ్గానే ఆట చచ్చిపోతుంది, అది మళ్లీ బడి అవుతుంది. వాళ్లు ఇచ్చిన పాత్ర వేయడం, అడిగిందే చేయడం, ఇదే మన పని. ముప్ఫై ఏళ్లు పైవాళ్ల ఆదేశాలు శిరసావహించిన అనుభవం మనకు లేకపోలేదు, ఇప్పుడు ఆఫీసరు వయసు నాలుగేళ్లు, అంతే తేడా. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అని ఒక ప్లీడరు ఉండేవారు. వకాలతు వదిలి పిల్లల చదువులోకి వచ్చి, 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టి, కథలు, నాటకాలతో చదువు చెప్పారు. ఆయన్ని అక్కడివాళ్లు ‘మీసాలున్న అమ్మ’ అని పిలుచుకున్నారు. మీసాలున్న పెన్షనర్లు ఇక్కడ చాలామందే కనిపిస్తున్నారు.

బడిలో జరిగే ఫ్యాన్సీ డ్రెస్సు పోటీ దీని కిందికి రాదని నా అభిప్రాయం. ఆగస్టు 15కి అద్దె దుస్తులు, అంటించిన మీసం, తల్లి బట్టీ పట్టించిన నాలుగు వాక్యాలు, స్టేజి ఎక్కగానే ఏడుపు. ఆ వేషం తల్లిది, ఏడుపు ఒక్కటే బిడ్డది. సరదాకి చేస్తే చేయండి, తప్పు లేదు. ఇంట్లో తలకు చుట్టుకున్న టవలుతో మాత్రం దాన్ని పోల్చవద్దు.

మగపిల్లవాడు చీర కట్టుకుంటే కొందరు తాతలకు గుండె దడ పట్టుకుంటుంది. బాపట్లవారు స్థానం నరసింహారావుగారు సత్యభామ వేషం వేస్తే మన తండ్రులు బళ్లు కట్టుకుని వెళ్లి చూశారు, 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. నాలుగేళ్లవాడు అమ్మలా ఉండాలనుకుని చుట్టుకున్న చున్నీకి మనం అంత హైరానా పడనక్కరలేదు.

మా ఇంట్లో వచ్చిన పేచీ వేరు. మనుమరాలు యు.కె.జి.లో ఉండగా బడివాళ్లు డైరీలో “ఊహల్లో ఎక్కువ ఉంటోంది, రాతపని మీద శ్రద్ధ లేదు” అని రాసి పంపారు. మా అబ్బాయి కంగారుపడి నాలుగు గీతల కాపీపుస్తకాలు తెచ్చి సాయంత్రాలు కూడా రాయించడం మొదలుపెట్టాడు. నేను వాదించలేదు. పాత అలవాటు చొప్పున కాగితంమీద నోట్ పెట్టాను. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు పునాది దశగా పెట్టి ఆటపాటలతోనే చదువన్నది, 2023లో కేంద్రప్రభుత్వం ఆ వయసువాళ్లకు బొమ్మలు, తోలుబొమ్మలతో ‘జాదూయీ పిటారా’ అని ఒక పెట్టెనే తయారుచేసింది, కాబట్టి సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు ఆటకు వదలవచ్చును, ఆదేశముల నిమిత్తం సమర్పించడమైనది అని రాశాను. మా కోడలు “ఆమోదించడమైనది, హోంవర్కు ముందు పూర్తి కావలెను” అని కింద రాసి సంతకం చేసింది. నాకు తెలిసి నేను పెట్టిన నోట్లలో అదే రోజు ఆర్డరు వచ్చింది ఇదొక్కటే.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవారు మాకేం పని అనవచ్చు. వీడియోలో “అన్నం తిన్నావా, చదువుకున్నావా” అని అడిగితే పిల్లవాడు రెండు ముక్కలు చెప్పి పారిపోతాడు. “ఏమండీ, హోటలు తెరిచారా? ఒక కాఫీ” అని అడిగి చూడండి. ఫోనుకే గ్లాసు ఆనించి తాగిస్తాడు. తాతగారి హోటల్లో తెలుగే మాట్లాడాలని షరతు పెడితే, బడిలో రాని తెలుగు అక్కడ వస్తుంది.

వేషాల పెట్టెకు ఖర్చేమీ లేదు. ఒక అట్టపెట్టె, పాత టవళ్లు, కండువాలు, చీరముక్కలు, చేతిసంచి, అద్దాలు తీసేసిన కళ్లజోడు ఫ్రేము, పనిచేయని టార్చిలైటు, రద్దయిన పాసుపుస్తకం ఉంటే చాలు. అయితే కొన్ని జాగ్రత్తలు తప్పవు. పొడవాటి గుడ్డ మెడకు చుట్టుకోనివ్వకూడదు, కట్టుకుంటే నడుముకే. మూడేళ్లలోపువాళ్లున్న ఇంట్లో గుండీలు, పూసలు వద్దు. టార్చిలోనూ బొమ్మల్లోనూ బ్యాటరీలు తీసేయాలి, నాణెంలా ఉండే చిన్న బ్యాటరీ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు ఆటకు మన బి.పి., షుగరు మాత్రల అట్టలు, ఖాళీవైనా సరే, ఇవ్వకండి. ఖాళీదానికీ నిండుదానికీ తేడా వాళ్లకు తెలియదు. పౌడరు డబ్బా కూడా మనచేతిలోనే ఉండాలి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, భోజనాలు సిద్ధమైనట్టు వాసన వస్తోంది. పెట్టె గురించి ఇంకేమైనా అడగదలచుకున్నవారు విస్తరి దగ్గర నా పక్కన కూర్చోవచ్చు.